గుమ్మడికాయకు బూట్ల పాలిష్

మా పక్కింటాయన బతికినన్నాళ్ళూ కోపంగానే బతికాడు. పోయేముందు ఇంకాస్త కోపంగా బతికాడు. ఆయన పోయిన రోజు వరండాలో చేరిన చుట్టాలు "పాపం, ఎంత ప్రశాంతంగా వెళ్ళిపోయాడో" అని ఒకరి చెవిలో ఒకరు ఊదుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రశాంతమా? ముందురోజు సాయంత్రం కూడా దిండులో దూది గడ్డకట్టిందని ఆ దిండు కుట్టినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ, కొనుక్కొచ్చిన బావమరిదినీ వరసపెట్టి కడిగేశాడు. అలాంటి మనిషికి పోయాక ప్రశాంతత అంటగట్టడం శుద్ధ అన్యాయం. అడ్డం చెప్పడానికి ఆయన లేడు కాబట్టి నేను చెబుతున్నాను.

ఆయన పని కాటాలు బాగుచేయడం. కిరాణా కొట్టు కాటా, కూరగాయల తక్కెడ, పాత ఇనుము తూచే పెద్ద కాటా, ఏదైనా సరే. గుడ్డలో చుట్టిన తూకపు రాళ్ళ పెట్టె చంకలో పెట్టుకుని కొట్టుకొట్టుకీ తిరిగేవాడు. ఒకసారి ఒక కొట్టాయన గొంతు తగ్గించి, "ముల్లు ఇటుపక్కకి వెంట్రుకంత జరపండి, ఎవరికీ తెలీదు" అన్నాడట. ఈయన ఆ కాటాను రెండు చేతులా ఎత్తుకెళ్ళి నడివీధిలో పెట్టి, పక్కన నిలబడి, వచ్చేపోయేవాళ్ళందరికీ "రండి రండి, ఈయన మిమ్మల్ని వెంట్రుకంతే మోసం చేస్తాడట" అని చెప్పడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి ఆయన పేరు కాటా. ఎదురుగా బాబాయ్, అన్నయ్య అన్నా, ఆయన మాటొస్తే పెళ్ళాం తప్ప అందరం అలాగే అనేవాళ్ళం, ఆయన కోపం తెచ్చుకోని ఒకే ఒక్క విషయం అదే.

ఆయనకు పని కాటాలతో, ప్రాణం గుమ్మడికాయలతో. తినడానికి కాదు, తూచడానికి. మా ఊళ్ళో ఏటా పెద్దకాయల పోటీ జరుగుతుంది. ఎవరి గుమ్మడికాయ ఎక్కువ బరువు తూగితే వాళ్ళది గెలుపు. దానికోసం ఏడాదంతా పెరట్లో బోర్లాపడి ఉండే పిచ్చివాళ్ళం నలుగురం: కాటా, రిటైరైన హెడ్మిస్ట్రెస్ మేడం, సిటీ బస్సు డ్రైవరు, నేను. మేడం కారుషెడ్డు పడగొట్టించి అక్కడ పాదు వేసింది. డ్రైవరు అద్దె ఇంటి మేడమీద డ్రమ్ములో పెంచేవాడు, కింది వాటాలో చెమ్మ దిగి వంటిల్లు పెచ్చులూడిన దాకా. నా కాయలు ఎప్పుడూ పక్కనున్న రోలంత కూడా ఎదగలేదు. అందుకని కాటా నన్ను దోసకాయ అనేవాడు. మా ఆవిడ ముందే అనేవాడు.

ఈ ఆటలో కిటుకంతా గుండె రాయి చేసుకోవడంలో ఉంది. తీగకు పది పిందెలు పడితే ఒక్కటే ఉంచి మిగతావన్నీ గిల్లేయాలి. నీళ్ళు కొలిచి పోయాలి. కాయ ఊరే రోజుల్లో ఒకేసారి ఎక్కువ నీళ్ళు తాగిందంటే లోపల కండ తొందరపడి, పైచర్మం సాగలేక, తొడిమ దగ్గర పగులుతుంది. పోటీలో పగులున్న కాయ కనిపిస్తే చీపురుపుల్ల గుచ్చి చూస్తారు. పుల్ల లోపలి డొల్లలోకి దిగిందంటే, అది ఏనుగంత ఉన్నా సరే, కాటా ఎక్కనివ్వరు.

ఒకరి కాయ గురించి ఒకరం మంచిమాట అన్న పాపాన పోలేదు. "మేడం, మీ కాయ పక్కకి వాలిందేంటి, క్లాసులో నిద్రపోతోందా?" అని కాటా అంటే, "నీది మాత్రం? గోడకి చేరగిలబడి బీడీ అడుగుతోంది" అని మేడం అనేది. మా స్నేహం అంటే అదీ.

ఆ ఏడు ఆయనకు ఆకలి మందగించింది. చొక్కా వేలాడటం మొదలైంది. ఆయన భార్య, మా వదిన, నసపెట్టి, వాళ్ళ తమ్ముణ్ణి తోడిచ్చి ఆసుపత్రికి పంపింది. ఆ తమ్ముడికి మందుల షాపు ఉంది కాబట్టి ఆ ఇంట్లో అతనే సగం డాక్టరు. ఆసుపత్రిలో నర్సు బరువు చూడటానికి ఆయన్ని కాటా ఎక్కించింది. ముల్లు చూసి ఈయన ఒంటికాలి మీద లేచాడు. "ఈ కాటా తప్పు! దీన్ని నమ్మి మందులిస్తున్నారా మీరు? మనుషుల్ని చంపుతారా?" అంటూ ఇంటికి మనిషిని పంపి తూకపు రాళ్ళ పెట్టె తెప్పించాడు. నడవలో మోకాళ్ళమీద కూర్చుని రాయి మీద రాయి పేర్చి చూస్తుంటే, చీటీ చూసుకుంటూ వచ్చిన డాక్టరు ఆయన కాళ్ళు తట్టుకుని నర్సు మీద పడ్డంత పనైంది. వెనక లైనులో ఉన్నవాళ్ళు నవ్వారు. కాటా నవ్వలేదు. రాళ్ళన్నీ సరిగ్గా తూగాయి. ఆసుపత్రి కాటాలో ఏ తప్పూ లేదు. మారు మాట్లాడకుండా రాళ్ళు గుడ్డలో చుట్టుకున్నాడట. ఇది బావమరిది నాకు చెప్పాడు, చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు వదిననీ, బావమరిదినీ గదిలోకి పిలిచాడు. పేషెంటుని బయట కూర్చోమన్నాడు. తలుపు వేశారు. రోగం ఆయనది, కబురు వాళ్ళకి. కడుపులో క్యాన్సరు, కాలేయం దాకా పాకింది, కోసి తీసేదేమీ లేదు. వాళ్ళు కాసేపటికి మొహాలు కడుక్కుని బయటికొచ్చి, "పుండండీ, అంతే. పైపైనే ఉందట. కొన్నాళ్ళు ఇక్కడుండి సెలైన్లు పెట్టించుకుంటే తగ్గిపోతుందట" అని చెప్పారు.

ఆ సాయంత్రమే బావమరిది మా ముగ్గుర్నీ టీకొట్టు దగ్గర నిలబెట్టి ఒట్టు వేయించుకున్నంత పని చేశాడు. "బావకి తెలిస్తే తట్టుకోలేడు. ఎవరూ నోరు జారకండి. నవ్వుతూ ఉండండి."

"ఆయనా తట్టుకోలేనిది? ఆయన్ని మేమే కదయ్యా తట్టుకుంటున్నది!" అంది మేడం. అయినా సరేనంది. ఇంటివాళ్ళ మాట కాదనడానికి మేమెవరం? ఆ 'మేమెవరం' అనే మాట మీద నాకిప్పటికీ కోపమే.

నవ్వుతూ ఉండటం మొదలుపెట్టాం. ఆసుపత్రి మంచం చుట్టూ నిలబడి ముగ్గురం పెళ్ళి ఫోటోలో జనంలా పళ్ళికిలించేవాళ్ళం. ఒకరోజు డ్రైవరు మరీ ముందుకెళ్ళి, "బాబాయ్, నిజం చెప్పాలంటే నీ కాయ ముందు నాది దండగ" అన్నాడు. కాటా వాణ్ణి కిందనుంచి పైదాకా చూశాడు.

"నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం బాబాయ్, బాగానే ఉంది."

"మరి ఇలా మాట్లాడుతున్నావేం? మేడం, మీరు కూడా నన్ను వారం నుంచి తిట్టలేదు. ఏంటి సంగతి?"

మేడం దుప్పటి అంచు సర్దింది. జీవితమంతా పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషికి తన వంతు వచ్చేసరికి ఒక్కటీ నోట రాలేదు. "నువ్వు లే, లేచాక తిడతా" అని బయటికొచ్చేసింది.

ఇక అసలు ఘనకార్యం. కాటా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన పాదుకు నీళ్ళెవరు పోయాలి? ఈ ప్రశ్న ఎవరమూ నోరు తెరిచి అడగలేదు. ఎవరికి వాళ్ళం మనసులోనే జవాబు చెప్పుకున్నాం. మేడం పొద్దున నడకకు వస్తూ పెరటి తలుపు తీసి నీళ్ళు పోసేది. వదిన మధ్యాహ్నం ఆసుపత్రికి కేరియరు తీసుకెళ్ళేముందు పోసేది. నేను ప్రహరీ ఇవతల్నుంచి రబ్బరు పైపు పెట్టేవాణ్ణి. డ్రైవరు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి పోసేవాడు. ఆయన చేసే పని చూసి నేర్చుకున్న వాళ్ళం, ఎవరికి వాళ్ళం లెక్కప్రకారం కొలిచే పోశాం. నాలుగు కొలతలూ కలిసి ఆ కాయకు వరదొచ్చింది. మరొకరెవరైనా అయితే ఆ పాదు సంగతి మరిచిపోయి ఎండబెట్టేవాళ్ళు. ముంచి చంపడం మాలాంటివాళ్ళకే చేతనవుతుంది.

ఒక పొద్దున మేడం కేక వినిపించి గోడ దూకినంత పనిచేసి వెళ్ళాను. తొడిమ పక్కనుంచి బెత్తెడు పొడవున పగులు. డ్రైవరు వచ్చాడు, వదిన వచ్చింది. ఎవరు పోశారంటే ఎవరు పోశారని ఒకరి మొహాలొకరం చూసుకున్నాం, తేలు కుట్టిన దొంగల్లా.

"రేపే డిశ్చార్జి" అంది వదిన. "ఇది చూస్తే ఆయన..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కడ తొలిచింది మా బుర్రల్లో పురుగు. నిజాన్ని దాచడం అప్పటికే మాకు బాగా అలవాటైపోయింది కదా. "మైనం కూరితే?" అన్నాడు డ్రైవరు. కొవ్వొత్తులు కరిగించి కూరాం. మైనం తెల్లగా కనిపిస్తోంది. "రంగు కావాలి" అంది మేడం. గుమ్మడి తొక్క ముక్క ఒకటి చేతికిచ్చి నన్ను చెప్పుల కొట్టుకి తరిమింది. కొట్టువాడు "ఏ రంగు బూట్లండీ?" అన్నాడు. నేను ఆ తొక్క కౌంటరు మీద పెట్టి "ఈ రంగు" అన్నాను. వాడు తొక్కని చూశాడు, నా కాళ్ళకున్న హవాయి చెప్పుల్ని చూశాడు, ఇక ఏమీ అడగకుండా గోధుమరంగు డబ్బా ఇచ్చేశాడు.

పాలిష్ బాగా కుదిరింది. మేడం తన చీర కొంగుతో మెరుగు కూడా పెట్టింది. అంత బాగా కుదరకపోతే బాగుండేది.

కాటా ఆటో దిగి ఇంట్లోకి వెళ్ళలేదు. గోడ పట్టుకుని నేరుగా పెరట్లోకి నడిచాడు. మేం నలుగురం, బావమరిదితో కలిసి అయిదుగురం, వెనకే. మనిషి సగమయ్యాడు. వంగి, కాయ మీద అరచెయ్యి పెట్టాడు. వేళ్ళతో తట్టి చూశాడు. తర్వాత ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు.

"ఏమోయ్ దోసకాయా."

"అన్నయ్యా."

"ఈ కాయేమన్నా ఆఫీసుకెళ్తోందా?"

మళ్ళీ వాసన చూశాడు.

"గుమ్మడికాయకు బూట్ల పాలిష్ వాసన ఎందుకొస్తోంది?"

గోటితో గీశాడు. మైనం పెళ్ళ ఊడొచ్చింది. చీపురు లాగి పుల్ల విరిచాడు. పగులులో పెట్టి నెమ్మదిగా తోశాడు. పుల్ల దిగుతూనే ఉంది. వేళ్ళు తొక్కకు తగిలేదాకా దిగింది.

"పైపైనే బాబాయ్" అన్నాడు డ్రైవరు, ఇంకా ఆశ వదలకుండా.

నేను ఆయన కేకల కోసం చెవులు గట్టిచేసుకున్నాను. కేకలు రాలేదు. పుల్లని బయటికి లాగి, దాని మీది తడిని చూస్తూ చాలా మెల్లగా మాట్లాడాడు. ఆయన మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"మైనం బాగా కూరారు. రంగు సరిగ్గా కలిసింది. నలుగురూ ఒక్క మాట మీద నిలబడ్డారు, మొహాల్లో చూపు కూడా మారలేదు. ఇంత పనితనం ఒక్క పూటలో రాదు. మీకీ సాధన ఎక్కడయింది? ఇన్నాళ్ళూ దేని మీద చేశారు?"

వదిన గోడకి చేరగిలబడింది.

"చెప్పండి. నా చెవిలో ఇన్నాళ్ళూ ఎవరెవరు పువ్వులు పెట్టారు? నాది పుండేనా?"

"బావా, లోపలికి పద, ఎండగా ఉంది..."

"నోర్ముయ్ రా! నిన్నడగలేదు. మేడం, మీరు చెప్పండి. మీరు పిల్లల్ని కొట్టారు గానీ మోసం చెయ్యలేదని ఊరంతా అంటారు."

మేడం బావమరిది వైపు చూసింది. అతను చేతులు జోడించాడు. ఆమె అతని మీంచి చూపు తిప్పేసుకుంది. "పుండు కాదయ్యా. క్యాన్సరు. కాలేయానికి పాకింది. ఆపరేషన్‌కి లొంగదట. వచ్చే ఏడు విత్తనాలు నాటే వేళకి నువ్వుండటం కష్టమన్నారు."

ఆ తర్వాత వచ్చింది కోపం. అలాంటి కోపం నేను చూడలేదు, చూడను. చీపురు ఎగిరింది. బకెట్టు ఎగిరింది. "కాయకీ నాకూ ఒకటే తీరా? ఏది పగిలినా మైనం కూరడమేనా మీ పని? చేతకానివాణ్ణా నేను? సెలైన్లు పెట్టించుకుంటే తగ్గిపోతుందా? తగ్గిపోతుందని ఆ మంచం మీద కదలకుండా పడుకున్నాను కదరా! నా కాయ ఊరే రోజులవి! నా రోజులు! ఎవడిచ్చాడు మీకు వాటి మీద అధికారం? పొండి, అందరూ పొండి!" పెరటి తలుపు దాటించి గడియ వేసేశాడు. వదినని కూడా. ఆవిడ ఆ పూట మా ఇంట్లో కూర్చుంది.

మర్నాడు గోడ అవతల రంపం చప్పుడు. కాయని ఆయనే కోస్తున్నాడు, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ. మధ్యాహ్నానికి గోడ మీంచి పిలుపొచ్చింది. "నీళ్ళు పోసినవాళ్ళందరూ వచ్చి పట్టుకెళ్ళండి. పారేస్తే ఊరుకోను, తినాలి." పోటీకాయలకు రుచి ఉండదు, తడిపిన దూది నమిలినట్టుంటుంది. తలా ఒక తొట్టెడు ముక్కలు. మా ఇంట్లో పొద్దునా అదే, సాయంత్రమూ అదే. మా ఆవిడ మూడోనాటికి నన్ను క్షమించడం మానేసింది. మేడం మాత్రం ముక్కల తొట్టె చంకనపెట్టుకుని ఆయన గుమ్మంలోనే నిలబడింది.

"ఏమయ్యా, మేం చేసింది తప్పే. తింటాం. నువ్వు మాత్రం ఇలా తలుపులేసుకుని ఎన్నాళ్ళు కూర్చుంటావు? నీకు మిగిలినవే తక్కువ."

డ్రైవరు హడలిపోయి మేడం కొంగు లాగాడు. లోపల్నుంచి గడియ తీసిన చప్పుడు.

"మేడం, మీరు తిట్టి ఎన్నాళ్ళయిందో. ఇప్పుడు బాగుంది" అన్నాడు కాటా. నవ్వలేదు. "ఆ డాక్టరు దగ్గరికి రేపు పోదాం. ఈసారి నాతో మాట్లాడాలి వాడు. బావమరిదితో కాదు, నాతో. మీరందరూ రండి. నా వెనక నిలబడండి. వాడు మళ్ళీ మైనం తీస్తే పట్టుకోవాలి. మీకు గుర్తు తెలుసు కదా, చేసినవాళ్ళు."

డ్రైవరు స్నేహితుడి వ్యాను అడిగి తెచ్చాడు. గదిలోకి అందరం ఒకేసారి తోసుకుని వెళ్ళేసరికి డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"వీళ్ళంతా ఎవరండీ?"

"ఈవిడ నా భార్య, వీడు బావమరిది. మిగతావాళ్ళు గుమ్మడికాయల వాళ్ళు" అన్నాడు కాటా.

"ఏ కాయల..."

"మీరు కానివ్వండి. నా కడుపులో ఏముంది, ఎంతవరకు వచ్చింది, ఇక ఏం జరుగుతుంది?"

డాక్టరు అలవాటుగా బావమరిది వైపు తిరిగి, "మీరు కాస్త ఆయనకి ధైర్యం చెప్పి..." అని మొదలుపెట్టాడు.

"అటు కాదు నాయనా" అంది మేడం, తరగతిలో వెనక బెంచీని పిలిచే గొంతుతో. "పేషెంటు ఇటున్నాడు. కుర్చీ తిప్పుకో."

డాక్టరు కుర్చీ తిప్పుకున్నాడు. మంచివాడే, తప్పనకూడదు. తిప్పుకున్నాక చెప్పాడు. కాయితం మీద కడుపు బొమ్మ గీసి, పెన్నుతో గీతలు పెట్టి, ఎక్కడ మొదలైందో, ఎక్కడికి చేరిందో చూపించాడు.

"ఎన్నాళ్ళు?"

"అది ఖచ్చితంగా చెప్పలేమండీ."

"చెప్పలేరా, చెప్పరా?"

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "నెలలు. ఏడాది ఉండదు."

"నొప్పి?"

"పెరుగుతుంది. దానికి మందులున్నాయి. నొప్పి వచ్చాక ఓర్చుకుంటూ కూర్చోకండి, ముందే రండి. అది మాత్రం మా చేతిలో ఉంది."

"మళ్ళీ మంచమెక్కి సెలైన్లు పెట్టించుకుంటే రోజులు పెరుగుతాయా?"

"పెరగవు."

కాటా తల ఊపాడు. ముల్లు నిలిచేదాకా ఆగే మనిషి, అలాగే ఆగాడు. తర్వాత అన్నాడు: "చూశారా, టీ చల్లారేలోపు చెప్పేశారు. దీనికి నా వేసవంతా తినేశారు మీరు."

"మీవాళ్ళు వద్దన్నారండీ. తట్టుకోలేరని..."

"నా కడుపు మావాళ్ళది కాదు డాక్టరుగారూ."

ఆ మాటకి బావమరిది ఏడ్చేశాడు. "నువ్వు పోతావని నా నోటితో నేనెలా చెప్పేది బావా?" అన్నాడు. కాటా వాడి భుజం మీద చెయ్యి వేస్తాడేమో అనుకున్నాను. వెయ్యలేదు. "ఏడువు, కానీ బయటికెళ్ళి ఏడువు, లైనులో జనం ఉన్నారు" అన్నాడు. ఆయన కోపం అంత తొందరగా దిగేది కాదు. దిగాలని కూడా నాకు లేదు.

వ్యాను ఎక్కాం. వదిన కిటికీ పక్కన కూర్చుని, ఆయన ఎదుట మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చింది. కాటా కాసేపు చూశాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడ ఏడ్చావు?"

"ఆసుపత్రి బాత్రూంలో. కుళాయి తిప్పుకుని."

"అదా సంగతి! ఆ వార్డు ట్యాంకు ఎందుకు ఖాళీ అవుతోందా అనుకున్నాను."

వదిన ఏడుపు ఆపేసింది. పెళ్ళయినప్పట్నుంచి ఆ మనిషి పక్కన గొంతెత్తని ఇల్లాలు, ఈ రెండు నెలలూ ఆయనతో తేనెపూసిన గొంతుతో మాట్లాడిన ఇల్లాలు, మొహమంతా ఎర్రబడి ఆయన వైపు తిరిగింది.

"ట్యాంకు గురించా మీ బాధ? నా గురించి ఒక్క ముక్క అడిగారా? మీకు చెబితే ఏం చేసేవారు? నడివీధిలో కూర్చుని కేకలు పెట్టేవారు! మీకు కోపమొస్తే బకెట్లు విసురుతారు, నేనేం విసరాలి? మీరు నన్ను పెరట్లోంచి గెంటి గడియ వేశారు. నన్ను! మీకు చెప్పకుండా నవ్వడానికి నాకెంత కష్టమయిందో తెలుసా మీకు?"

"ఎవడు నవ్వమన్నాడు నిన్ను? నీ మొహానికి నవ్వు నప్పదని నేను పెళ్ళిచూపుల్లోనే చెప్పాను!"

"చెప్పారు! ఆరోజు నుంచి ఒక్క మంచిమాట చెప్పింది లేదు! పోతే పోయారు, పోయేదాకా నేను పడతాను, కానీ ఇకమీద నోరు మూసుకుని మాత్రం పడను!"

"పడకు! ఎవడు పడమన్నాడు?"

"పడను!"

బావమరిది మధ్యలో ఏదో అనబోతే మేడం వాడి మోకాలు మీద చరిచింది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ ఇద్దరి గొంతులూ అద్దాలు అదిరేట్టు లేస్తున్నాయి. పక్క స్కూటరు మీద పోతున్నాయన తల తిప్పి మా వ్యాను లోపలికి చూశాడు.

మా వీధి మలుపు వచ్చింది. డ్రైవరు చూశాడు, అయినా తిప్పకుండా నేరుగా పోనిచ్చాడు.

"ఏరా, కళ్ళు పోయాయా? ఇల్లు అటు!" అని అరిచాడు కాటా.

"ఇంకా అయినట్టు లేదు కదా బాబాయ్" అన్నాడు వాడు, అద్దంలోంచి చూస్తూ.

"నువ్వు పోనీ నాయనా" అంది వదిన. "నాకింకా చాలా ఉంది."